బల్లకు ఆనని అరచేయి

అత్తాకోడళ్లు వంటగదిలో బల్ల దగ్గర కూర్చున్నారు. అత్తగారికి చర్మం బిగుసుకుపోయే జబ్బు, స్క్లీరోడెర్మా.

“అరచేయి బల్లకు ఆనించండి అత్తయ్యా.”

“ఇంతకంటే ఆనదే.”

“మా పెళ్లప్పుడు చక్కగా ఆనేదిగా! రోజూ గోరువెచ్చటి నీళ్లలో పెట్టి, పిడికిలి మూసి తెరిచేవారట.”

“అప్పుడు నా పనులు నేనే చేసుకోవాలిగా. ఇప్పుడు నువ్వొచ్చావు. గుండీలు పెడతావు, తల దువ్వుతావు.”

“అయ్యో, నాదే తప్పు. కొత్త కోడలి మురిపెంతో మీ చేతులు పాడుచేశాను.”

“ఏడవకు. వ్యాయామం చేశానని నీకు రోజూ అబద్ధం చెప్పింది నేను.”

“ఎందుకత్తయ్యా?”

“చేస్తే వేళ్లు సాగుతాయి. సాగితే నువ్విక దువ్వవేమోనని.”

“అంతిష్టమా?”

“పెద్దయ్యాక నా తల ఎవరు దువ్వారే?”

“సరే, జడ ఎప్పటికీ నేనే వేస్తాను. కానీ ముందు వ్యాయామం. తర్వాత చిక్కు మీరే తీసుకోవాలి.”

“రాక్షసివి. నేను తంటాలు పడుతుంటే చూస్తూ ఊరుకోగలవా?”

“ఊరుకోలేను. అందుకే చేతులు వెనక్కి కట్టుకుని మీ పక్కనే కూర్చుంటాను.”