పెద్దమ్మకు రెండు కేసెట్ల పెట్టె

హలో… ఆ, నేనే రా బాలాజీ, మీ అమ్మను. మదనపల్లెలోనే ఉండాను, వెంకటరమణప్ప అంగట్లో… నువ్వు కుప్పంలోనేనా?… సరే. ఇది ఆయప్ప ఫోనే, బిన్నా మాట్లాడు, ఎక్కువసేపు ఇయ్యడు.

యాడ కొనేది? సూస్తానే ఉండా. తిరగని అంగడి లేదు. అన్నీ పాత ఇనపసామాన్లే… ఇప్పుడెవురు తయారు సేస్తారు రా. అందురూ సీడీలంటాండారు. రెండు కేసెట్లది కావాలంటే నా మొకం సూసి నవ్వుతాండారు.

ఒకదాని మూత తీస్తే బొద్దింక… ఆ, బతికుండేదే. ఇంగొకదానికి స్పీకరు నిండా జిడ్డు. సేతికంటుకునింది, కొంగుకు తుడిస్తే కొంగంతా కంపు. రోత.

ఉండాది, ఒకటి ఉండాది. నల్లది. పొడుగ్గా, పైన పట్టుకునే కమ్మీ… ఆ, రెండు కేసెట్లూ పక్కపక్కన. పాడతాది, ఏసి సూసినా. మైకు పెట్టే బొక్కా? ఉండాది… ఒక కేసెట్‌లోంచి ఇంగొక దాంట్లోకి ఎక్కిస్తాదంట. దానికి ఎర్రబటన్ ఉండాది.

అయితే ఒక మాట సెప్పు. మీ పెద్దమ్మకు ఇదంతా యాలరా, దేనికి?

…కండ్లు మసకలు. టీవీ కనపడదు. పాటలు వింటాది. సరే. వినేదానికి ఒక్క కేసెట్ సాలదా? ఈ సెవితో ఒకటి, ఆ సెవితో ఒకటి వింటాదా ఆయమ్మ?

…గిఫ్టు. ఊఁ… ప్రేమ. అంత ప్రేమ ఎప్పుడొచ్చిందిరా నీకు? మా అక్క జొరంతో పడుంటే, పుంగనూరు మీదుగానే మైక్‌సెట్టు ఏసుకోని పోతివి, దిగి సూడలా.

— కట్టొద్దప్పా, ఇంగా తేల్చలేదు… నీతో కాదురా, అంగడాయప్పతో.

బాలాజీ, నాకు తెలుసు.

…ఏం తెలుసా? మొన్న మన సుట్టం అంకయ్య కొడుకు పోయినాడని కుప్పానికి వస్తి గదా. ఆడ నువ్వే మైక్‌సెట్టు పెట్టుంటివి. నేనొస్తానని అనుకోలా నువ్వు. ఈది మొదుట్లోనే వినపడింది, మైకులో ఎవురో ఏడస్తాండేది. అది మా అక్క గొంతు.

…ఎవురి గొంతైతే ఏందా? అది మీ పెద్దమ్మ, కన్న కొడుకు పీనుగ మీద పడి ఏడ్సిన ఏడుపురా. వరదరాజులు బోరు కాడ కరెంటు కొట్టి పోయిన దినం. ఆ పొద్దు నువ్వు మైకు పట్టుకోని పక్కన నిలబడితే, అన్న మీద మమకారం, గుర్తుకు పెట్టుకుంటాండాడని అనుకుంటిమి అందురం.

దాన్ని బాడిగకు తిప్పుతాండావు. ఊరూరి సావుకూ.

…అందురూ మెచ్చుకుంటాండారా. మెచ్చుకుంటారు లే. నా పక్కన ఒకామె కూడా అనింది, ‘ఎవురో గాని, కడుపులో సెయ్యి పెట్టి తిప్పుతాండాది’ అని. వక్కాకు నమలతా అనింది.

ఇంగా ఇను. ‘నా కొడుకా’ అంటాది. ఆ ఎనక పేరు పిలిసే కాడ గుర్రుమంటాది. ‘నన్ను ఇడిసి పోతివా’ అంటాది, మల్లా పేరు కాడ గుర్రు… నువ్వే తుడిసినావు. వరదా అని ఏడిస్తే ఇంగొకరి ఇంట్లో సరిపోదని. ఎవురి పీనుగకైనా సరిపొయ్యేటట్ల సేసినావు.

…సరే, పేరుండే కేసెట్ యాడుండాది? మొదట పట్టింది?

…అప్పుడు నీ కాడ ఉండేది ఒక్క కేసెట్ పెట్టేనా. అందుకని దాంట్లోనే తుడిసేసినావా. అంటే ఇంగ యాడా లేదు… ఆ తుడిసింది గూడా అరిగిపోయిందా.

థూ… నీ మీదనే. ఇంగెవురి మీద?

ఇప్పుడు తెలిసె, మైకు బొక్కా, రెండు కేసెట్లూ యాలనో. మల్లా ఆయమ్మను కూర్సోబెట్టి ఏడిపిస్తావు. అసలుది దాసి పెట్టుకోని, తుడిసింది తిప్పుకుంటావు. దానికి పెట్టె నా సేతనే కొనిపిస్తాండావు, సెల్లి తెచ్చిస్తే కాదనదని… వద్దు. నాకు ఏపారం సెప్పొద్దు. సావింట్లో ఏడుపు అమ్ముకునేది ఏపారమా? 

నేను కొనను. ఒక్క కేసెట్‌ది కొంటా. ఎర్రబటన్ లేంది. పాడితే పాడేది, అంతే.

…అదెవురు దగ్గింది?

…ఎవురూ లేకపోతే గోడ దగ్గిందా? ఆ దగ్గు నాకు తెలీదా, ఒక దుప్పట్లో పండుకోని పెరిగినోళ్లం. సెల్లు కొన్నప్పటినించి నువ్వు యాడుండావో తెలిసేదే లేదు. కుప్పం అంటివి. పుంగనూర్లో ఉండావు, అక్కింట్లో… ఆయమ్మ సేతికియ్యి. నోరు మూసుకోని ఇయ్యి.

…

అక్కా… నేను… బాగుండా లే. వాడు నీకేం సెప్పినాడు?… అంతా సెప్పినాడా? ఈ పొద్దా?

…నీకు ముందే తెలుసా?

…మీ పక్క ఈదిలో సావుకు పెట్టినప్పుడు. నీ గొంతు నువ్వే వింటివి… విని ఊరికే ఉంటివా? నాకొక్క మాట సెప్పలా నువ్వు. వాన్ని ఇంట్లోకి యాల రానిచ్చినావు? గడప కాడనే తన్నాల్సింది గదా.

…నువ్వే రమ్మన్నావా.

…అక్కా, నీకు రోతగా లేదా? మొకం తెలీని పీనుగల ముందర నీ ఏడుపు. ఆడ మొగోళ్లు బీడీలు తాగతా నిలబడుంటారు, నేను సూసినా… ఊఁ… ఊఁ.

…పేరు పెట్టే ఏడస్తానంటివా. తుడిస్తే కుదరదని సెప్పినావా వానికి. యాలక్కా? ఊరోళ్లకు ఏం కావాల మన వరదు పేరు?

…

…ఆ పేరు పిలిసేవాళ్లు లేరు. అవును… బావ పోయినాడు. వానికి పెండ్లన్నా అయ్యుంటే… రేషన్ కార్డులోనూ కొట్టేసిరి, అవును.

…నేనా? నేను యాడ పిలుస్తానక్కా. నీ ముందర వాని పేరెత్తితే నువ్వు యాతన పడతావని… అందురూ అట్లే అనుకునిరి లే.

…పేరెత్తకపోయేదే నీకు యాతననా.

…

…ఏ ఊర్లోనో, ఏ మైకులోనో వాని పేరు పలకాలనా. ఊఁ. మైకంటే దూరం వినపడతాది… వినపడతాది లేక్కా, సేన్లలోకి గూడా వినపడతాది.

నాకు మాత్రం రోతే. నువ్వు సెప్పినా రోతే… నవ్వొద్దు. నేనేమన్నా నవ్వే మాట సెప్పినానా?

…ఒక్క కేసెట్‌ది వద్దా. నీకొకటి, వానికొకటి. రెండిట్లోనూ పేరుండాల… సరే. గొంతు తేటగా పడేది కావాలా? కచ్చేరి సేసేదాని మాదిరి అడగతాండావే నువ్వు. నల్లది ఉండాది. దాంట్లో బొద్దింకలు లేవు, కండ్లారా సూసినా… సరే అన్నా గదా. వాని సేతికియ్యి.

— వెంకటరమణప్పా, ఆ నల్లది కట్టు… రెండు కేసెట్లదే అప్పా. బాగా తుడిసి కట్టు.

…బాలాజీ. వింటివా?… సంతోషపడొద్దు. నీ మీద నా మనసేం మారలేదు. నీ మొకం తలుసుకుంటే ఇప్పటికీ రోతే.

…పేరుంటే సావింటోళ్లు ఒప్పుకోరా? ఒప్పుకోనోళ్లను వాళ్లనే ఏడ్సుకోమను. వాళ్లకేం నోర్లు లేవా… బాడిగ పోతే పోనీ.

పేరు తుడిసేదానికని ఆ ఎర్రబటన్ మీద నీ యేలు పడేదానికి లేదు. నువ్వు ఏ సావుకు పోతే ఆ సావుకు నేనూ వస్తా. జనంలో నిలబడి వింటా. పేరు కాడ గుర్రుమనిందా, కొడుకని సూడను, అందురి ముందర సెప్పుతో కొడతా.

…సాయంత్రం బస్సుకు తెస్తా. నేనొచ్చిందాకా ఆయమ్మ కాడ మైకు పెట్టొద్దు… అదో, మల్లా దగ్గతాండాది. యాల నిలబడుండావు? పొయ్యి నీళ్లియ్యిరా… నాతో ఏం మాటలు, పో. పెట్టేస్తాండా.