ఊడిరాని కవరు

ఫోన్లో అంతసేపుగా ఏం చూస్తా ఉండావు రాజా, పెండ్లికూతుర్నా? కారుకి కవరా. ఇటివ్వు చూద్దాం. ఓహో, వానకి తడవదంట, ఎండకి రంగు పోదంట, ఒక్క నిమిషంలో తొడిగి ఒక్క నిమిషంలో తీసేయొచ్చంట. బాగుండాది. కానీ అబ్బయ్యా, మా భక్తవత్సలం ఉండుంటే ఆ చివరి మాట చదివి, ఫోను నీ చేతికిచ్చేసి లేచి పోయుండేవాడు. ఎవరా? నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందు సంగతి. మద్రాసులో, వాషర్‌మెన్‌పేట్‌లో మా ఎదురిల్లు, గుడ్డల హోల్‌సేల్ అంగడి ఆయనది. కూర్చో, చెప్తా. మీ అవ్వ లోపల కాఫీ కలపతా ఉండాది, కొంచెం మెల్లిగా చెప్తాను. ఎందుకో నీకే తెలుస్తాది.

తొంభై రెండో, తొంభై మూడో. మా వీధిలో మొదటి కారు ఆయనదే, క్రీము రంగు ఫియట్. అంతకుముందు వీధిలో నాలుగు చక్రాలుండింది ఇస్త్రీ బండికి ఒక్కదానికే. పూజ చేయించినారు, నిమ్మకాయలు తొక్కించినారు, గోవిందమ్మని, అదే ఆయన భార్యని, పక్కన కూర్చోబెట్టుకోని గుడికి పోయొచ్చినాడు. ఆయమ్మ ఆ కారెక్కింది ఆ ఒక్క పొద్దే. మరుసటి రోజు నుంచి ఎక్కింది వీధి. ఒకరికి పురుడంట, ఇంకొకరికి పెండ్లిచూపులంట. ఒకాయన ఎన్నూరు పోయి రొయ్యల బుట్ట డిక్కీలో వేసుకోనొచ్చినాడు. శుద్ధ శాకాహారుల కారు! గోవిందమ్మ వారం పొడుగునా సాంబ్రాణి వేసింది, కారుకే దగ్గొచ్చేటట్టు.

ఇవ్వనని చెప్పేస్తే పోయేది గదా అంటావు. అదే గదరా కథ. ఆయన నోట 'లేదు' అనే మాట రాదు. వాళ్ళ నాయన పెట్టిన అలవాటు. అంగట్లో కూర్చున్నవాడు లేదంటే లక్ష్మి విని, సరే లేదా అని వెళ్ళిపోతాదంట. నువ్వు పోయి ఆ అంగట్లో ఏనాడూ లేని సరుకు అడుగు, లేదనడు. 'సాయంత్రానికి వస్తాది, ముందు కాఫీ తాగండి' అంటాడు. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనాల, అయిపోయినాయి అనకూడదు. చక్కెర నిండుకునింది, నూనె నిండుకునింది. ఎవరైనా తెలీనోళ్ళు వింటే ఎంత కలిగిన ఇల్లురా అనుకుంటారు. నేను పచ్చయప్పాస్‌లో ఎకనామిక్స్ చదివినవాణ్ణి గదా, ఒక పొద్దు ఆయనకి డిమాండూ సప్లై విడమరిచి చెప్పబోతే, 'నీ బి.ఏ.ని చెప్పులతో పాటు బయట విడిచి లోపలికి రా అబ్బయ్యా' అన్నాడు. ఆ కాలేజీలో మాకొక లెక్చరర్ ఉండేవాడు, పంచెకట్టు మీద కోటు వేసుకోని... సరే, అది వద్దులే ఇప్పుడు.

అట్టాంటి మనిషికి ఒక ఉపాయం తట్టింది. తాను లేదనకూడదు, కానీ తన బదులు కవరు అనొచ్చు గదా. కారుకి ఎట్టాంటి కవరు వేయాలంటే, అడిగినవాడు చూసి, వాడంతట వాడే 'వద్దులే అన్నా, ఆటోలో పోతాం' అనాల. బయటికి మాత్రం బూడిద గాలి అనే చెప్పినాడు. అది అబద్ధం కాదులే, ఎన్నూరు కరెంటు ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి తిరిగితే మిద్దె మీద ఆరేసిన తెల్ల పంచె నల్లగా అయ్యేది. నన్ను తోడు పిలుచుకోని పోయినాడు కవర్లు అమ్మే అంగడికి. ఆ అంగడాయన ఉత్సాహంగా ఒక నైలాన్ కవరు పరిచి, 'ఇది చూడండి సార్, ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తాది' అన్నాడు. మనాయన మొహం అదోలా పెట్టి, 'రాకుండా ఉండేది ఏమన్నా ఉండాదా?' అన్నాడు. అంగడాయనకి దొంగల భయం అనుకోని తాళం వేసే రకం చూపించినాడు. దాన్ని కాసేపు తిప్పి తిప్పి చూసి నా చెవిలో అన్నాడు గదా, 'తాళమంటే తాళంచెవి ఉంటాది. తాళంచెవి అడిగితే ఏం చెప్పాల?' న్యాయమే గదా.

కడాకి లారీల మీద కప్పతారే, ఆ మందం కిత్తాను గుడ్డ తెచ్చి టైలర్ సుబ్బన్‌కి ఇచ్చినాడు. సుబ్బన్ మా వీధి ఆడోళ్ళందరికీ జాకెట్లు కుట్టేవాడు. 'చుట్టూ హుక్కులు పెట్టు, జాకెట్టుకి పెట్టినట్టు, దగ్గర దగ్గరగా' అన్నాడు భక్తవత్సలం. సుబ్బన్ నెత్తి గోక్కున్నాడు. 'అన్నా, ఇవి విప్పేలోపల ముహూర్తం దాటిపోతాదే.' 'అదే కావాల' అన్నాడు ఈయన. కవరు వచ్చింది చూడు, ఏనుగుకి రవిక తొడిగినట్టుండింది. అడిగేవాళ్ళు రావడం, ఈయన నవ్వతా 'దానికేం, తీసుకోపోండి, కవరు విప్పుకోవడమే' అనడం, వాళ్ళు ఆ హుక్కుల వరస చూసి గొంతు సవరించుకోని వెళ్ళిపోవడం. ఒక్క 'లేదు' లేకుండా కారు మిగిలిపోయింది. మనిషి ఒళ్ళు కూడా చేసినాడు. డ్రైవర్ ఆరోగ్యసామికి పని లేక ఇంటి ముందు స్టూలేసుకోని నిద్రపోయేవాడు.

ఈ మధ్యలో మా ఇంట్లో ఒక వింత మొదలైంది. మీ అవ్వకి పరుపు మీద శ్రద్ధ పుట్టింది. వారం తిరిగేసరికి 'నల్లులొస్తాయి, ఎండలో వేయాల' అని పరుపు చుట్టి ఎత్తుకోపోయేది. నేను హార్బర్ ఆఫీసుకి పోయొచ్చేసరికి పరుపు మంచం మీద ఉంటాది. నల్లి అనేది నేను ఒక్కటీ చూసిందే లేదు. ఇంత శుభ్రమైన భార్య ఎవరికుంటాదిలే అనుకున్నా. బి.ఏ. గదా.

ఒక పొద్దు నాకు సెలవు. మీ అవ్వ అప్పడాలు వత్తడానికి ఎదురింటికి పోతానని పోయింది, పరుపు పొద్దున్నే ఎండకి పోయింది. నేను తిన్నె మీద పేపరు చదవతా ఉంటే భక్తవత్సలం అక్క మొగుడు వెంకటాచలపతి పెరంబూరు నుంచి దిగినాడు. కంచికి పోవాలంట, కారు కావాల. ఎదురింట్లో ఎవురూ పలక్కపోతే అంగడికి కబురు పెట్టినాం, భక్తవత్సలం వచ్చినాడు. స్టూలు మీద డ్రైవర్ లేడు, ఎవురికీ అది తోచలేదు. మామూలుగానే నవ్వతా 'దానికేం బావా, తీసుకోపోండి, కవరు విప్పుకోవడమే' అన్నాడు. ఆయన ఒక్కటి మరిచిపోయినాడు. వచ్చింది రైల్వేలో రిటైరైన మనిషి. రిటైరైనవాడికి టైము మీద భయం ఏముంటాది? వెంకటాచలపతి చొక్కా విప్పి మడిచి నా చేతికిచ్చినాడు, ఆరోగ్యసామి స్టూలు లాక్కోని కవరు ముందర కూర్చున్నాడు, ఒక హుక్కు తీసినాడు. ఇంకోటి తీసినాడు. మధ్యలో నీళ్ళడిగి తాగినాడు. తీస్తానే ఉండాడు. భక్తవత్సలం నవ్వు మెల్లిగా వాడిపోతా ఉండాది. 'ఎండగా ఉండాది బావా.' 'పరవాలేదు.' 'వేళ్ళు నొప్పి పెడతాయి బావా.' 'హుక్కులు బాగా కుట్టించినావు' అంటాడు ఆయన.

కడాకి ఒక పక్క మొత్తం విప్పి, కిత్తాను ఎత్తి పైకి వేసినాడు. లోపల కారు లేదు.

రెండు బెంచీలు. వాటి మీద బోర్లించిన గంగాళం. దాని మీద గుండ్రంగా, కారు టాపు మాదిరే, చుట్టిన పరుపు. నీలం గీతల పరుపు. నేను చూస్తానే గుర్తుపట్టినా, దాని మీద నేను ఇంక్ ఒలకబోసిన మరక కూడా కనబడతా ఉండాది. నోరు తెరవలేదు. మాదే అని చెప్తే ఎందుకొచ్చిందని అడుగుతారు, ఎందుకొచ్చిందో నాకు మాత్రం ఏం తెలుసు? తర్వాత తెలిసింది. హుక్కులు కుట్టేటప్పుడే గోవిందమ్మ సుబ్బన్ దగ్గరికి పోయి, గోడ వైపు హుక్కులు ఉత్త వేషానికి కుట్టించి, లోపల లంగా నాడా మాదిరి ఒక్క తాడు పెట్టించింది. గుంజితే కవరంతా లేస్తాది. అంగడి మనిషి మధ్యాహ్నం క్యారియర్‌కి వస్తాడు గదా, వాడికి అనుమానం రాకుండా ఈ పరుపూ గంగాళం.

వెంకటాచలపతి బావమరిది వైపు తిరిగి, 'ఏందయ్యా ఇది? కారు యాడ?' అన్నాడు. ఆ మనిషి ఆ సమయంలో కూడా ఆ మాట అనలేదు రాజా. పరుపు చూసినాడు, గంగాళం చూసినాడు, అన్నాడు గదా, 'కారు... నిండుకునింది బావా.'

నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నా. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో హారన్. ఫియట్ వస్తా ఉండాది, ఆవు నడిచినంత నెమ్మదిగా. స్టీరింగు ముందర గోవిందమ్మ, కొంగు నడుముకి దోపి, నుదుట చెమట, రెండు చేతుల్తో చక్రాన్ని పట్టుకోని. పక్కన మీ అవ్వ, ఎవురైనా అడ్డమొస్తే చెయ్యి బయటికి పెట్టి జరగమంటా. వెనక సీట్లో ఆరోగ్యసామి, ముందు సీటు గట్టిగా పట్టుకోని, కండ్లు మూసుకోని, ఏసయ్యని తలుచుకుంటా. ఎన్నూరు సముద్రం రోడ్డులో నేర్చుకుంటా ఉండారంట, లారీల మధ్యలో. గోవిందమ్మ మమ్మల్ని చూసింది, తెరిచిన కవరు చూసింది, బండి ఆపింది. దిగలేదు. మొగుణ్ణే చూస్తా కూర్చునింది. చక్రం మీద నుంచి చేతులు తీయలేదు.

వెంకటాచలపతి చొక్కా తొడుక్కుంటా, 'మంచిది, వచ్చేసింది గదా. దిగమ్మా, కంచికి టైమైతా ఉండాది' అన్నాడు. ఎప్పటిమాదిరే 'దానికేం బావా' అంటే ఆయమ్మ దిగాల. దిగితే మళ్ళీ ఎక్కేది ఎప్పుడో. భక్తవత్సలం భార్యని చూసినాడు, ఎంతసేపు చూసినాడో. 'దానికే...' అని మొదలుపెట్టి, సగంలోనే మింగేసినాడు. మళ్ళీ ప్రయత్నం చేసినాడు.

'లేదు బావా' అన్నాడు. 'లేదు. ఆమెకి పని ఉండాది.'

అనేసి ఆయన అటూ ఇటూ చూసినాడు, లక్ష్మి లేచి పోతాదేమో చూద్దామన్నట్టు. లక్ష్మి కారులోనే కూర్చోనుండాది, యాడికీ పోలేదు. అంతే, ఆ మనిషికి రుచి తెలిసింది. సాయంత్రం అంగడికి పోయి అడిగినవాడికల్లా 'లేదు, లేదు' అంటా ఉన్నాడంట, ఉన్న సరుక్కి కూడా. ఆదివారమైతే పక్క సీట్లో కూర్చోని, గోవిందమ్మ తోలతా ఉంటే, ఎదురొచ్చిన వాళ్ళకంతా దండం పెట్టేవాడు. పోయి చాన్నాళ్ళయింది. మంచివాడు.

కవరా? కోసి సంచులు కుట్టించినారు, వీధిలో ఇంటికొకటి. అదో, ఆ మేకుకి తగిలించుండేది అదే, హుక్కు కూడా ఉండాది చూడు. మీ అవ్వకి తోలడం వచ్చునా అంటావా? ఆ పొద్దు తిరిగొచ్చేటప్పుడు తోలింది గోవిందమ్మ. పోయేటప్పుడు ఎవురు తోలినారో నేను ఇంతవరకూ అడగలేదు. అడిగితే పరుపు సంగతి...

ఆఁ, రావే, రా. కాఫీ యాడ? ఆ చేతిలో ఏంది? రాజా, నీ కారు తాళంచెవి చొక్కా జేబులో కదరా పెట్టుండావు? నన్ను చూస్తావేందిరా, మీ అవ్వ అడుగుతా ఉండేది నిన్ను. లేదని చెప్పు, చూస్తాను.