చీనా డాక్టరు, బుచ్చమ్మ బర్రె

దబీర్‌పురాలో కట్టుడు పండ్లు చేసే చీనా డాక్టరు ఒంటిగాడు. వాళ్ళ దేశంల లడాయి మొదలైన కాన్నుంచి ఆయనకు ఇంటి నుంచి ఖబర్ లేదు. బుచ్చమ్మ రోజూ ఆయన గుమ్మం ముందు బర్రెను నిలబెట్టి, కండ్ల ముందే పాలు పిండిపోసేది. ఆ పొద్దు ఆయన ఆ పాలను గోడపక్క పిల్లికి పోస్తుంటే చూసింది.

“నా పాలు ఏం పాపం చేసినయి సాబ్?”

“తాగితే కడుపుల లొల్లి, అమ్మా.”

“నీళ్ళు కలిపిన్ననా? నీ ముందట్నే పిండుతున్న గద. మొన్న కడుపునొప్పి అన్నవని దీని దాణా గూడ మార్చిన.”

“పాలు మంచివే. మా దిక్కు తల్లిపాలు మాన్పినంక ఎవ్వరూ పాలు తాగరు. మా కడుపులకు పడవు.”

బుచ్చమ్మకు నమ్మబుద్ధి కాలేదు. “మీ దిక్కు బర్రెలు లెవ్వా?”

“మస్తున్నయి. పొలం దున్నుతయి. చిన్నప్పుడు మా బర్రె వీపు మీదనే పండుకునేటోణ్ణి.”

“మరి పడని పాలు రోజూ ఎందుకు పోయించుకుంటున్నవ్?”

ఆయన బర్రె నొసలు నిమురుతూ నిలబడ్డడు.

బుచ్చమ్మ చెంబు కింద పెట్టింది.

“రేపటి సంది పాలు బంద్. బర్రెను మాత్రం గీ గల్లీలకెల్లే తోలుకపోత. మీ ఊళ్ళ దీన్ని ఏమని పిలుస్తరు?”

ఆయన వంగి, వాళ్ళ భాషల ఏదో మాట మెల్లగా అన్నడు. బర్రె చెవి గూడ కదపలేదు.

“దానికి మా మాటలే తెలుసు సాబ్. రేపు గూడ పిలువు. నేర్చుకుంటది.”