రాణిచీమకు బెల్లం

“నేను ముట్టుకోలేదని పొద్దుటి నుంచీ చెబుతున్నానా లేదా?”

“మరి గాజుగొట్టంలోకి బెల్లం ఎలా వచ్చిందండీ, అత్తయ్యగారూ?”

అమలాపురంలో ఒక ఇంటి వంటగదిలో అత్తాకోడళ్ళ వాదన అది. కోడలు సైన్సు టీచరు. తొలివానకు వీధిదీపం కింద దొరికిన రెండు రాణిచీమలను, బడిపిల్లలకు చూపించడానికని, చెరో గొట్టంలో పెట్టింది. అడుగున నీళ్ళు పోసి, నీళ్ళ మీద ఒక దూది, మూతికి ఒక దూది బిగించి, బియ్యం డబ్బా వెనక చీకట్లో దాచింది.

“పస్తుంటే చూడలేకపోయేనమ్మా. చీమలు తింటాయనే కదా బియ్యప్పిండితో ముగ్గేస్తాను? రోజూ ముందున్న గొట్టం దూది తీసి చిటికెడు బెల్లప్పొడి వేసేను.”

“దానికి తిండి అక్కర్లేదండీ. రెక్కలు రాల్చేసేక, ఒంట్లో కండ కరిగించుకునే పిల్లల్ని పెంచుతుంది. నెల్లాళ్ళు కదపకుండా ఉంటే చాలు.”

“గుడ్లు పెట్టిందిగా? నేనే చూసేను.”

“పదకొండండీ. ఇప్పుడు ఒక్కటీ లేదు. బెదిరితే తన గుడ్లు తనే తినేస్తుంది.”

“నేను బెదరగొట్టేనా?”

“కావాలని చేసేరా ఏంటండీ, ఊరుకోండి.”

“రెండోదో?”

“దాని గుడ్లున్నాయండీ.”

“రేపు దాని దూదీ తీసి చూడకుండా ఉండలేనే తల్లీ. నా సంగతి నాకు తెలుసు.”

అత్తగారు బొడ్డున దోపుకున్న బీరువా తాళం తీసి కోడలి చేతిలో పెట్టింది. మావగారూ కొడుకూ కూర్చున్న హాల్లోకి నడిచింది.

“ఏవండీ, అబ్బాయ్, వినండి. నాలుగు చీరలు బయట పెట్టుకుని, ఆ రెండో గొట్టం నా బీరువాలో పెట్టిస్తున్నాను. నెల్లాళ్ళు తాళం కోడలి దగ్గరే ఉంటుంది. నేనడిగినా ఇవ్వదు.”