సంఘపెద్ద వినని చరణం

తొంభై ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం. యేసు పాటలను రాక్‌లో పాడే బ్యాండువాళ్లిద్దరు నారాయణగూడ ఇరానీ హోటల్లో కూర్చున్నారు. డ్రమ్స్ వాయించేవాడికి చాయ్ తాగే ఓపిక కూడా లేదు.

“డ్రమ్స్ అమ్మేస్తనన్నా. కాలేజీలల్ల వాయిస్తె భజన అంటరు, చర్చిల వాయిస్తె సైతాన్ మోత అంటరు. ఇంకెవరి కోసం?”

“జర ఆగు తమ్మీ. మన సంఘపెద్ద పోయిండు. రేపు భూస్థాపనకు మనల్ని పాడమన్నరు.”

“క్రిస్మస్ నాడు పాట మధ్యల మన కరెంటు వైరు గుంజేసిన పెద్దమనిషేనా?”

“ఆయనే.”

“కీర్తనలు పాడేటోళ్లు లేరా?”

“ఆయన మధ్యల ఆపిన ఆ పాటనే కావాల్నట. దాని చివరి చరణం ఎట్లుంటదని దవాఖానల అడిగిండట. ఇంట్ల ఎవరికీ తెల్వదు.”

“మనల్ని అడగొచ్చు కద.”

“ఎట్ల అడుగుతడు? వైరు గుంజింది ఆయనే కద.”

డ్రమ్స్ వాయించేవాడు చల్లారిన చాయ్‌ని ఒక్క గుక్కలో తాగేశాడు.

“ఆ చరణంల డ్రమ్సే లేవన్నా. ఒట్టి గొంతులే. ఇంకో నిమిషం ఆగుంటె ఆయనకు నచ్చుతుండె.”

“అయితే ఆ ఒక్క చరణమే పాడుదామా?”

“వద్దు. మొదటి నుంచి వాయిద్దాం. ముందు మోత లేకుంటె ఆ నెమ్మది తెల్వదు.”

“మరి డ్రమ్స్?”

“ఎల్లుండి అమ్ముత.”