ఇంట్లో పడ్డ మంచు

జపాన్‌లోని సప్పోరోలో ఒక చిన్న గ్రాఫిక్స్ స్టూడియో. కంప్యూటర్లో కట్టిన పాత చెక్క సత్రంలో తిరిగి చూడటానికి కాసేపట్లో అతిథులు వస్తారు. బొమ్మలు వేసే ఆవిడ తలకి కళ్ళు కప్పే హెడ్‌సెట్ తగిలించుకుని, ఆ సత్రం కిటికీ దగ్గరికి వెళ్ళగానే గతుక్కుమంది.

"నా మంచేదిరా?"

"అదేంటక్కా! ఎటు తిరిగినా బొమ్మ ఆగట్లేదని మెచ్చుకుంటావనుకుంటే..." అన్నాడు పక్కనే కూర్చున్న ప్రోగ్రామర్ కుర్రాడు.

"చలికాలమంతా కూర్చుని వేశాను. బయట ఒక్క తునకా లేదు!"

"వేగం కోసం కంప్యూటర్ వేసే వెలుతురు లెక్కలు తగ్గించాను. దాంతో బొమ్మ నిండా తెల్ల చుక్కలొచ్చాయి. వాటిని తుడవడానికి ఫిల్టర్ పెట్టాను. అది..."

"నా మంచుని కూడా చుక్కలనుకుని ఊడ్చేసిందా?"

"తప్పయిపోయిందక్కా. ఫిల్టర్ తగలకుండా మంచుని విడిగా వెయ్యాలంటే ఇవాళ అవ్వదు."

"ఏడుపు మొహం పెట్టకు. ఆ ఫిల్టర్ కాస్త తగ్గించి చూడు."

అతను తగ్గించాడు.

"వచ్చింది! అబ్బ, ఎంత దట్టంగా పడుతోందో! నేనింత వెయ్యలేదే?"

"సగం నీ మంచు. మిగతాది నా చెత్త."

"ఆగాగు. కిటికీ మూసుండగా సత్రం గదిలో చాపల మీద కూడా పడుతోందేంట్రా?"

"అది తీసేస్తే బయటిదీ పోతుందక్కా."

మెట్ల మీద అతిథులు బూట్లకంటిన మంచు దులుపుకుంటున్న చప్పుడు వినబడింది. ఆవిడ హెడ్‌సెట్ తీసేసి మౌస్ అందుకుంది.

"ఏం చేస్తున్నావక్కా?"

"సత్రం కిటికీ తెరుస్తున్నా."