సత్తెమ్మ చూపూ, టేకు పావురాలూ

సత్తెమ్మ చూపు పడిన చెక్కకు పొర లేచిపోతుందని రాజోలులో ఆ వీధి వీధంతా నమ్మకం. ఆమె తమ్ముడు, రిటైరైన సైన్సు మాస్టారు జీవరత్నం, ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. ఆయన మనవరాలు పింకీ పెళ్ళికి వచ్చినవారికి పంచడానికి టేకు ప్లైవుడ్‌తో పావురాలు కోసిపెట్టమని కోడలు స్టెల్లా వడ్రంగి ఇస్సాకుకు పని అప్పగించింది. అతడు నాలుగేసి పలకలు దొంతరగా పేర్చి, కదలకుండా టేపు చుట్టి, సన్న బ్లేడు ఆడే స్క్రోల్ మిషను మీద నాలుగింటినీ ఒక్కసారే కోస్తాడు. కిందటి వారం సత్తెమ్మ ఎదురుగా కూర్చుని చూస్తుండగా కోసిన దొంతరకు, టేపు లాగగానే టేకు పొర కూడా ఊడివచ్చింది. ఆ సాయంత్రమే పెళ్ళిపిలుపుల్లోంచి ఆమె పేరు పోయింది. తప్పు చూపుది కాదని ఇస్సాకు తన నోటితో చెబితే మళ్ళీ పిలుస్తానని స్టెల్లా మాట ఇచ్చింది. ఇప్పుడు ఇస్సాకు షెడ్డులో నాలుగు దొంతరలు, ముగ్గురు మనుషులు.

"ముందు ఏది విప్పమంటారండి, మాస్టారూ?"

"తొందరపడకు, ఇస్సాకూ. ఏది ఎలా కోసేవో నువ్వే చెప్పు. రేపు నేను మార్చేనని అనకూడదు."

"ఆయ్. నిన్న రెండు దొంతరలు కోసేనండి. అప్పుడు సత్తెమ్మగారు మలికిపురంలో ఉన్నారు. ఇవాళ రెండు కోసేనండి. అప్పుడు వారు ఇదిగో, ఈ స్టూలు మీదే..."

"రెప్ప వెయ్యకుండా చూడమన్నాడు మా తమ్ముడు. కళ్ళజోడు తియ్యకుండా రెండు గంటలు చూసేను. మెడ పట్టేసింది."

"అక్కా, నువ్వు కాసేపు మాట్లాడకు."

"చూడకూడదని వీధి వాళ్ళన్నారు. మాట్లాడకూడదని నువ్వంటున్నావు. సరే, వింటాను."

"నువ్వు చెప్పు, ఇస్సాకూ. టేపుల సంగతి."

"నిన్నటి వాటిల్లో ఒకదానికి, ఇవాళ్టి వాటిల్లో ఒకదానికి, బ్రౌన్ టేపు నేరుగా చెక్క మీదే చుట్టేనండి. నా పద్ధతి అదే కదండి. మిగతా రెంటికీ మీరు చెప్పినట్టు ముందు కాగితం టేపు వేసేను. గోడలకి రంగులేసేవాళ్ళు అంచులకి అంటించుకుంటారే, అది. దాని మీద బ్రౌన్ టేపు. ఇంతోటి దానికి రెండు టేపులెందుకో నాకైతే..."

"పోనీ బ్రౌన్ టేపు మానేస్తావా?"

"మానితే ఎలాగండి. దాని నునుపుకే బ్లేడు జారుతుంది. లేకపోతే అంచులు మాడి నల్లబడతాయండి."

"అందుకే మానమనలేదు. చెక్కకి తగలనివ్వద్దన్నాను. ఆ ప్లైవుడ్ మీద టేకు పొర ఎంత మందం ఉంటుంది?"

"ఉల్లిపొరంతండి."

"ఉల్లిపొరకి బంక పట్టించి లాగితే ఏమవుతుంది?"

"ఇన్నాళ్ళూ ఏమీ అవలేదు కదండి."

"ఎప్పుడూ లేవలేదా?"

"లేచేదండి. అక్కడక్కడ. గరుకు కాగితం పెట్టి రుద్ది సర్దేసేవాణ్ణి."

"మరి అప్పుడెవరు చూసేరు?"

"ఎవరో ఒకరు చూసే ఉంటారండి."

"చర్చిలో రెండో బెంచీలో కూర్చుంటావు. వాక్యం చదువుతావు. నీకు దిష్టేమిటి, ఇస్సాకూ?"

"ప్రార్థనది ప్రార్థనండి, దిష్టిది దిష్టండి. దేనికదే."

"సరే. నిన్నటిది, కాగితం లేనిది, విప్పు. నాలుగూ ఒకేలా లాగాలి. టేపు పైకెత్తకు. వెనక్కి మడిచి, చెక్క చారల వెంట, మెల్లగా."

"ఇలాగేనా అండీ?"

"ఇంకా మెల్లగా. ఆగు. ఏం కనిపిస్తోంది?"

"లేచిందండి."

"ఎంత?"

"రెక్క మీద అగ్గిపెట్టెంత మేర."

"అక్క అప్పుడెక్కడుంది?"

"మలికిపురంలోనండి."

"మలికిపురం నుంచి చూసిందంటావా?"

"చూపుకి బస్సు టిక్కెట్టు అక్కర్లేదు కదండి."

"ఇదిగో ఇస్సాకూ, నా చూపుకే అంత బలం ఉంటే మా ఇంటి ముందు కాలవలో గుర్రపుడెక్క ఎప్పుడో మాడిపోయుండేది. పదేళ్ళ నుంచి రోజూ దాన్నే చూస్తున్నాను. ఏపుగా పెరుగుతోంది."

"గుర్రపుడెక్క మీద మీకు కోరిక ఉండదు కదండి, సత్తెమ్మగారూ. కోరికతో చూస్తేనే తగిలేది."

"నీ చెక్క పావురం మీద నాకు కోరికేమిట్రా?"

"ఉండక్కా. ఇస్సాకూ, ఇవాళ్టిది విప్పు. కాగితం వేసింది. రెండు గంటలు అక్క గుడ్లప్పగించి చూసింది."

"ఆయ్. ఇదిగోనండి, వచ్చేస్తోంది. కాగితం, బ్రౌన్ టేపు రెండూ కలిసే వస్తున్నాయి."

"పొర?"

"లేవలేదండి."

"వేలితో తడిమి చెప్పు."

"బంక కూడా అంటలేదండి. అద్దంలా ఉంది."

"అక్కా, వచ్చి చూడు."

"ఎందుకులే. మళ్ళీ లేస్తే నా మీదకే వస్తుంది."

"వారు మధ్యలో రెప్ప వేసేరేమోనండి, మాస్టారూ."

"అందుకే మూడోది ఉంది. ఇవాళ్టిదే, అదే స్టూలు, అదే మనిషి. కాగితం మాత్రం లేదు. లాగు."

"లేచిందండి. తోక మీద. చూసేరా, వారి ఎదురుగా కోస్తే..."

"వారి వెనకాల కోసిందీ లేచింది కదా. నిన్నటిది మరిచిపోయేవా?"

"లేదండి. మరవలేదు."

"నాలుగోది. నిన్నటిది, కాగితం వేసింది."

"ఇదిగోనండి. శుభ్రంగా వచ్చింది. లేవలేదు."

"పెన్సిలు తియ్యి. ఆ తుక్కు చెక్క మీద రాయి. అక్క ఉన్నా లేకపోయినా, బ్రౌన్ టేపు నేరుగా చుట్టింది లేచింది. రాసేవా? అక్క ఉన్నా లేకపోయినా, కింద కాగితం టేపు ఉన్నది లేవలేదు. ఇప్పుడు నువ్వే చెప్పు. తేడా ఎక్కడుంది?"

"కాగితంలో ఉందండి."

"మళ్ళీ చెప్పు."

"కాగితం టేపే తేడా అండి, మాస్టారూ. ఒప్పుకుంటున్నాను. దీని సంగతి తెలియక అనవసరంగా ఎన్ని పలకలు పాడుచేసుకున్నానో."

"విన్నావా, అక్కా?"

"విన్నాను. నాకు చెప్పడం దేనికి? చెప్పాల్సింది నీ కోడలికి. ఇంట్లో ఆ పిల్లకి ఎదురు చెప్పలేక, ఇక్కడికొచ్చి చెక్కలకి పాఠం చెబుతున్నావు. పింకీ పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేను. దాని పెళ్ళి చూస్తానా లేదా, అది చెప్పు."

"చూస్తావు. అందుకే కదా ఇదంతా. ఇస్సాకూ, స్టెల్లాకి ఫోను చెయ్యి. నేను చెబితే అక్క తరఫున చెబుతున్నాననుకుంటుంది. నీ నోటితో చెప్పు. ఇక్కడ జరిగింది జరిగినట్టు."

"ఆయ్. ఇప్పుడే చేస్తానండి... స్టెల్లమ్మగారా అండీ. ఇస్సాకునండి. ఆయ్, పావురాలేనండి. ఇంక భయం లేదండి. మాస్టారు కనిపెట్టేసేరు... కాగితం టేపండి. చెక్కకి ముందు అది చుట్టి, తర్వాత మామూలు టేపు... ఆయ్, నాలుగు దొంతరలు కోసి చూసేమండి... అవునండి, వారిని ఎదురుగా కూర్చోబెట్టే. రెండు గంటలు. అయినా సరే, కాగితం ఉంటే సత్తెమ్మగారి చూపు లోపలికి దిగడం లేదండి."

"ఇస్సాకూ. ఫోను ఇటివ్వు."

"ఒక్క నిమిషం, మాస్టారూ, వారేదో చెబుతున్నారు... ఆయ్... ఆయ్... అలాగేనండి. వారికి చెబుతాను. ఉంటానండి."

"ఏం చెప్పేవు నువ్వు?"

"మీరు రుజువు చేసిందే చెప్పేనండి. కాగితం లేకపోతే వారు మలికిపురంలో ఉన్నా లేచింది. కాగితం ఉంటే ఎదురుగా కూర్చున్నా లేవలేదు. మీరే రాయించేరు, ఇదిగో చెక్క మీద ఉంది. ఇంతకంటే రుజువేముంటుందండి."

"చూపుకీ దానికీ సంబంధం లేదని కదయ్యా రుజువైంది."

"చూపు లేదని ఎక్కడ తేలిందండి? ఆగిపోతోందని తేలింది."

"నువ్వుండు, తమ్ముడూ. ఇస్సాకూ, స్టెల్లా ఏమంది?"

"పిలిచేరండి, సత్తెమ్మగారూ. సాయంత్రం తనే వచ్చి కార్డు ఇస్తానన్నారు. ముందు వరసలోనే కుర్చీ అట. కాకపోతే..."

"కాకపోతే?"

"కళ్ళజోడు అద్దాలు రెంటికీ కాగితం టేపు అంటించుకుని రమ్మన్నారండి."

"అక్కా, నువ్వు వెళ్ళనక్కర్లేదు. నేను ఇవాళే స్టెల్లాతో మాట్లాడతాను. గట్టిగా మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడవులే. ఇస్సాకూ, ఆ టేపు రెండు ముక్కలు కత్తిరించి ఇవ్వు."